అదొచ్చింది

మా మామగారు పోయాక నాలుగు నెలల పాటు మా ఇంట్లో ఏడుపు బాధ్యత అంతా ఒక్క మనిషే మోసింది. ఆ మనిషి మా అత్తగారు కాదు, మామగారి చెల్లెలు.

ఆవిడ నాకు వరసకి పిన్నిగారు. ముప్పై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారు కాబట్టి చుట్టాలందరికీ సైన్సు పిన్ని. పై లోకమనేది ఆవిడ దృష్టిలో లేనే లేదు. మనిషి పోయాడంటే పోయాడంతే, బల్బు మాడిపోయాక వెలుగు ఏ ఊరెళ్ళిందని ఎవరూ వాకబు చెయ్యరు కదా అంటారు. అంటూనే తువ్వాలు అందుకుని ఏడుస్తారు. పొద్దున టీ తాగాక ఒక విడత, మధ్యాహ్నం కునుకు తీసి లేచాక ఇంకో విడత. రెండు వారాలు తోడుంటానని వచ్చిన మనిషి నాలుగు నెలలైనా కదల్లేదు. తన ఇంట్లో ఒక్కతే కూర్చుని ఏడిస్తే ఏడుపు సరిగ్గా కుదరడం లేదట.

మా అత్తగారికి మాత్రం పై లోకం పక్క వీధి. అక్కడ దుమ్ముండదు, మోకాళ్ళ నొప్పులుండవు, కుళాయిలో నీళ్ళు ఎప్పుడూ వస్తాయి. మామగారు అక్కడికి వెళ్ళారు. తనూ వెళ్తుంది. ఇందులో ఏడవడానికేముందన్నట్టు, ఆవిడ కంట చుక్క నీరు రాలలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళు తమతో తెచ్చుకున్న కన్నీళ్ళు ఎక్కడ దించుకోవాలో తెలియక అటూ ఇటూ చూసేవారు. ఈవిడ వాళ్ళకి కుర్చీ చూపించి, వాళ్ళ ఆరోగ్యం అడిగేది. ఎదురింటావిడైతే ముఖం చిన్నబుచ్చుకుని, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నా భుజం మీద రెండు చుక్కలు రాల్చి బరువు దించుకుంది.

వదినా ఆడపడుచుల మధ్య ఈ విషయంలో రోజూ ఒక పేచీ ఉండేది.

"నీకేం వదినా, నీకు నమ్మకముంది. నీకు అన్నయ్య ఎక్కడో ఒకచోట ఉన్నాడు. నాకు ఎక్కడా లేడు. ఏడవక ఏం చెయ్యను?" అనేవారు పిన్నిగారు.

"శక్తి నశించదని పిల్లలకి నువ్వే కదా చెప్పేదానివి. లోకంలో మీ అన్నయ్య ఒక్కడే నశించాడా?"

"అది వేరే పాఠం వదినా."

"ఏ పాఠమో ముందు తేల్చుకో. తీరిగ్గా ఏడుద్దువుగాని."

మధ్యలో నేను, ఒకరికి టీ, ఒకరికి తువ్వాలు అందించే మనిషిని. ఇంట్లో బట్టలు ఉతికేది నేనే కాబట్టి నా అభిప్రాయం అప్పటికి ఒకటే. నమ్మకం ఉన్నవాళ్ళ దుఃఖంలో ఉతుకుడు తక్కువ.

మామగారిది కుట్టుమిషన్ల మరమ్మతు పని. మా ఇంటి ముందుగది నిండా ఇప్పటికీ ఆయన డబ్బాలే. బాబిన్ల డబ్బా, షటిళ్ళ డబ్బా, సూదుల డబ్బా, ఏమున్నాయో ఆయనకి మాత్రమే తెలిసిన డబ్బా. ఆ గది తలుపు తీస్తే మిషన్ నూనె వాసనొస్తుంది, ఆయన చొక్కాలకీ అదే వాసన. గుండె బాగాలేక ఆసుపత్రిలో చేరి, ఆరో రోజు పొద్దున పోయారు. అప్పుడు పక్కనున్నది మా అత్తగారే. నేను ఫ్లాస్కులో పాలు తేవడానికి కింద క్యాంటీన్‌కి వెళ్ళాను.

ఆయన పోయిన నెల రోజుల్లోపే మావారు నాన్నగారి ఫోటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెచ్చారు. జేబులో స్క్రూడ్రైవరుతో నవ్వుతున్న ఫోటో. హాల్లో పెద్ద గోడకి అప్పటికే ఇంకో ఫోటో ఉంది. అది మామగారి మొదటి భార్యది. పెళ్ళయిన పదకొండు నెలలకే జ్వరమొచ్చి పోయింది. అప్పటికి ఆవిడ వయసు ఇరవై. రెండేళ్ళ తర్వాత మా అత్తగారిని చేసుకున్నారు. ఆ ఫోటోని నలభై తొమ్మిదేళ్ళుగా తుడుస్తున్నది మా అత్తగారే, "మా అక్క" అంటుంది. ఆవిడ ఇప్పుడు ఆ అక్క కంటే యాభై ఏళ్ళు పెద్దది.

"పెద్దమ్మ పక్కన మేకు కొట్టనా అమ్మా?" అన్నారు మావారు.

"ఇప్పుడొద్దు," అంది అత్తగారు.

మర్నాడు చూస్తే ఫోటో లేదు. బీరువాలో దుప్పట్ల కింద బోర్లా పడుకుని ఉంది. బాధ తట్టుకోలేక పెట్టింది కాబోలనుకుని, ఎవరం ఏమీ అనలేదు.

తర్వాత ఒకరోజు, పిన్నిగారు బటానీలు ఒలుస్తుంటే అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వు చదువుకున్నదానివి. ఒక్క మాట చెప్పు. పైన మనుషులు ఏ వయసులో ఉంటారు?"

"పైనే లేదంటుంటే వయసెక్కడిది వదినా?"

"ఉందనుకో. లెక్కల్లో ఎక్స్ అనుకోమంటారు కదా, అలా అనుకో."

పిన్నిగారికి లెక్కలంటే ప్రాణం. బటానీ వదిలేసి ఆలోచనలో పడ్డారు. "అనుకుంటే గనక, పోయిన నాటి వయసే ఉండాలి. ఆ తర్వాత పెరగడానికి తిండి లేదు, తగ్గడానికి కారణం లేదు. ఇరవైలో పోయినవాళ్ళు ఇరవై, డెబ్బైలో పోయినవాళ్ళు డెబ్బై."

"అంతేనంటావు."

"ఆధారాల్ని బట్టి అంతే. ఆధారాలే లేవనుకో."

అత్తగారు లేచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నన్ను పిలిచి, దుకాణం నుంచి తలకేసుకునే నల్లరంగు తెమ్మంది.

నేను తెచ్చిపెట్టాను. పెద్దవాళ్ళు అడిగింది ఎందుకని అడగడం నాకు అలవాటు లేదు. అడక్కుండా ఉంటే చూడ్డానికి ఎక్కువ దొరుకుతుంది. వారం తిరిగేసరికి ఆవిడ జుట్టు మామగారి మిషన్ పట్టీలా నల్లగా నిగనిగలాడింది. ఆ పైన ముఖానికి క్రీము. ఆ పైన వీధి చివరి దాకా రోజూ నడక. ఎదురింటావిడ కిటికీలోంచి చూసి, "మీ అత్తగారు బాగా తేరుకున్నారే," అంది. ఆ "బాగా" అన్న మాటని సాగదీసిన తీరు చెప్పాలంటే ఇంకో కథ రాయాలి.

"అమ్మకి మతి గానీ చలించలేదు కదా," అన్నారు మావారు.

"మతి చలిస్తే రంగు చెవులకి కూడా అంటుకునేది. ఆవిడ ఎంత నీటుగా వేసుకున్నారో చూడండి," అన్నాను.

నవ్వులాట అక్కడితో అయిపోయింది. ఒకరోజు పొద్దున అత్తగారు వంటింట్లో గిన్నె అందుకోబోయి, కళ్ళు తిరిగి గట్టు పట్టుకుని కింద కూలబడింది. వీధి మొదట్లో క్లినిక్ డాక్టరు వచ్చి చూసి, బీపీ చాలా ఎక్కువుంది, మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగాడు. వేసుకుంటున్నాను అంది ఆవిడ, పైకప్పు చూస్తూ. రోజూ పొద్దున మాత్ర ఆవిడ చేతిలో పెట్టేదాన్ని నేనే. నీళ్ళ గ్లాసు కూడా ఇచ్చేదాన్ని. గ్లాసు ఖాళీగా తిరిగొచ్చేది.

డాక్టరు వెళ్ళాక ముందుగదిలోకి వెళ్ళాను. ఆవిడ మాత్ర తీసుకుని ఎప్పుడూ ఆ గదిలోకే వెళ్ళేది, ఆయన సామాను తుడుస్తానంటూ. బాబిన్ల డబ్బా మూత తీశాను. బాబిన్ల మధ్య తెల్లటి మాత్రలు, ఇరవై మూడు.

డబ్బా తెచ్చి మంచం మీద ఆవిడ ముందు పెట్టాను. పిన్నిగారు చూసి తువ్వాలు కూడా మర్చిపోయారు.

"ఏంటి వదినా ఇది?"

దొరికిపోయిన పిల్లలా కాదు, పద్దు అప్పజెప్పే మనిషిలా నింపాదిగా చెప్పింది అత్తగారు.

"రోజులు గడిచేకొద్దీ నేనింకా ముసల్దాన్నవుతాను. అక్క అక్కడే ఉంది, ఇరవైలో. నువ్వే చెప్పావు. వెళ్ళేదేదో డెబ్బైలోనే వెళ్తే నయం. ఎనభైలో, పళ్ళు లేకుండా వెళ్ళి వాళ్ళిద్దరి మధ్యా ఎక్కడ కూర్చోను?"

పిన్నిగారి ముఖం పాలిపోయింది. ఆవిడ జీవితంలో ఒక పాఠాన్ని ఇంత శ్రద్ధగా విన్న విద్యార్థి ఇంకొకరు లేరు.

"మామగారు మిమ్మల్ని కాదని ఆవిడతో ఉంటారని ఎందుకనుకుంటున్నారు అత్తయ్యా?" అన్నాను.

"అనుకోవడం కాదు. నా చెవులారా విన్నాను."

అప్పుడు బయటపడింది. ఆయన పోయిన రోజు పొద్దున ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన స్టూలు మీద అత్తగారు కూర్చుని ఉంది. మామగారు కళ్ళు తెరిచారు. ఆవిడ వైపు కాకుండా, ఆవిడ భుజం మీదుగా గుమ్మం వైపు చూశారు. ముఖమంతా వెలిగిపోయింది. ఆరు రోజుల్లో అంత సంతోషంగా ఆయన్ని చూడలేదు. "అదొచ్చింది," అన్నారు. మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. అంతే.

"అదొచ్చింది అంటే... మీ అక్కగారేనని ఎలా తెలుసు? మిమ్మల్నే అనుంటారు," అన్నాను.

"నన్ను అది అనరు అమ్మాయ్. నలభై తొమ్మిదేళ్ళలో ఒక్కసారి అనలేదు. ఎవరితో చెప్పినా ఆవిడ, మా ఆవిడ. పక్కింటి మనిషిని అన్నట్టు. కొత్తలో ఒకసారి నేను దుప్పటి మడతపెడుతుంటే, నోరుజారి, 'అదైతే నాలుగు మడతలు పెట్టేది' అన్నారు. అక్క ఆయనకి అది. నేను ఆవిడ." ఆవిడ జుట్టు సవరించుకుంది. "మర్యాదే. కాదనను. కానీ అది అనిపించుకోవాలంటే ఎంత దగ్గరుండాలి."

పిన్నిగారు కుర్చీ లాక్కుని మంచానికి దగ్గరగా కూర్చున్నారు. నమ్మకం లేని మనిషి నమ్మకం ఉన్న మనిషిని ఓదార్చాలంటే ఆవిడ లోకంలోకే దిగాలి. దిగారు.

"సరే వదినా. అందరూ పోయిన నాటి వయసే అనుకుందాం. అన్నయ్యకి డెబ్బై ఆరు. బట్టతల, కట్టుడు పళ్ళు. ఆ పిల్లకి ఇరవై. ఆ పిల్ల చూసింది ఇరవై అయిదేళ్ళ కుర్రాణ్ణి. ఈయన్ని చూసి ఎవరో తాతగారనుకుని, నమస్కారం పెట్టి పక్కకి తప్పుకుంటుంది."

నాకు నవ్వాగలేదు. అత్తగారికి మాత్రం రాలేదు.

"గుర్తుపట్టింది. పట్టబట్టే వచ్చింది. వచ్చిందనే కదా ఆయన అన్నారు."

మనిషి లేడని పిన్నిగారు నిరూపించగలరేమో గానీ, మనిషి అన్న మాట లేదని ఎలా అంటారు? ఆ రోజు నుంచి మాత్ర నా ఎదురుగానే మింగాలని షరతు పెట్టాను. అత్తగారు మింగేది. కానీ మింగుతూ నా వైపు చూసిన చూపులో, ఇలా ఎన్నాళ్ళు కాపలా కాస్తావు అన్న ప్రశ్న ఉండేది. నాలుగో రోజు నేను గ్లాసు కడిగి వచ్చేలోగా సోఫా దిండు కింద మాత్ర దొరికింది. నాకు భయం మొదలైంది. మనిషి చచ్చిపోతానని ఏడిస్తే పట్టుకోవచ్చు. ప్రయాణానికి సర్దుకుంటున్నట్టు ప్రశాంతంగా ఉంటే ఎక్కడని పట్టుకోను?

ఆ ఆదివారం మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. చూస్తే ఆసుపత్రి నర్సు. మామగారి వార్డులో పగటి డ్యూటీ చేసిన అమ్మాయే. మామూలు బట్టల్లో ఉంటే ఒక క్షణం గుర్తుపట్టలేదు. చేతిలో చిన్న కాగితం పొట్లం.

"ఏమనుకోకండి, ఇన్నాళ్ళకి వచ్చాను. మా అమ్మ మిషన్ షటిల్ విరిగిందని తాతగారికి చెప్తే, ఇంట్లో ఆకుపచ్చ డబ్బాలో ఉంది, ఎప్పుడైనా వచ్చి మా ఆవిడనడుగు అన్నారు. రావాలంటే ఏదోలా అనిపించి రాలేదు. ఇదిగో, పాతది తెచ్చాను, సైజు చూడ్డానికి."

నేను డబ్బా కోసం కదలబోయాను. ఈలోపు లోపల్నుంచి అత్తగారు వచ్చేసింది. నర్సుని చూడగానే చెయ్యి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టింది.

"ఆ రోజు గుమ్మంలో ఉన్నది నువ్వే కదమ్మా."

"నేనేనండీ."

"అయితే నువ్వూ చూసే ఉంటావు. ఆయన ముఖం."

"చూశానండీ. ఎంత వెలిగిపోయిందో. నాక్కూడా చాలా సంతోషమేసింది."

అత్తగారు పిన్నిగారి వైపు చూసింది, సాక్షి దొరికింది చూడు అన్నట్టు. "అదొచ్చింది అన్నారు. విన్నావా?"

"వినకపోవడమేంటండీ, నాతోనే కదా అన్నది. నాలుగు రోజుల నుంచి ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూస్తున్నాను."

"నాలుగు రోజులా?" అత్తగారు ముందుకి వంగింది. "ఆయన నాలుగు రోజులుగా ఎదురుచూస్తున్నారా?"

"పాపం, చాలా బాధపడ్డారు బామ్మగారూ. పొద్దునా సాయంత్రం నేను అడిగేదాన్ని, తాతగారూ అదొచ్చిందా అని. రాలేదమ్మా అనేవారు. రెండుసార్లు మందు కూడా మార్చాం."

"దానికి మందు కూడా ఉంటుందా?"

"ఉంటుందండీ. గుండె జబ్బువాళ్ళు గట్టిగా ముక్కకూడదు కదా."

పిన్నిగారికి నా కంటే ఒక క్షణం ముందు అర్థమైంది. సైన్సు కదా. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఏది... వచ్చింది?" అంది అత్తగారు, ఒక్కో అక్షరం విడివిడిగా.

నర్సు మా ముగ్గురి వంకా చూసింది. "మోషన్ అండీ. తాతగారికి ఆ మాటంటే సిగ్గు. ఆడపిల్లతో ఎలా చెప్తాననేవారు. అందుకని మేమిద్దరం అది అనుకునేవాళ్ళం. ఆ రోజు వచ్చిందనగానే బెడ్‌పాన్ తేవడానికి పరిగెత్తాను. తెచ్చేలోపే..." ఆ అమ్మాయి ఆగిపోయింది. "ఆ మాట చెప్తున్నంతసేపూ ఆయన చెయ్యి మీ చేతిలోనే ఉందండీ. మీకు మాత్రం చెప్పొద్దన్నారు. మా ఆవిడకి తెలిస్తే ఆముదం సీసా పట్టుకుని దిగుతుంది, అసలే నిద్ర లేదు, ఆవిడని కంగారు పెట్టకు అన్నారు."

అత్తగారి భుజాలు కదిలాయి. దగ్గనుకున్నాను. కాదు, నవ్వు. ముందు చప్పుడు లేకుండా, తర్వాత కిటికీ అద్దాలు అదిరేలా. పిన్నిగారు కలిశారు, నేను కలిశాను. పాపం నర్సు కూడా ఎందుకో తెలియకుండానే కలిసింది. నాలుగు నెలల పాటు మా ఇంట్లో ఇరవయ్యేళ్ళ పిల్ల అనుకుని, జుట్టుకి రంగేసుకుని, మాత్రలు దాచుకుని, మా అత్తగారు పోటీ పడింది ఎవరితోనో ఆవిడకి అప్పుడు తెలిసింది.

ఆ నవ్వు ఎక్కడ తిరిగిందో నేను చూడలేదు. నవ్వుతున్న మనిషి నవ్వుతూనే వంగిపోయి, మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. వచ్చే చప్పుడు అదే, కానీ అది నవ్వు కాదు. పిన్నిగారు తన తువ్వాలు తీసి వదిన చేతిలో పెట్టి, పక్కన కూర్చుని వీపు రాశారు. ఆ పూట పిన్నిగారు ఏడవలేదు. తువ్వాలు లేదు కదా.

చాలాసేపటికి పిన్నిగారు మెల్లగా అన్నారు, "పక్క వీధిలోనే ఉన్నాడన్నావు కదా వదినా. మరిప్పుడెందుకు?"

"ఉన్నారు. కాదన్నానా?" తువ్వాలులోంచే జవాబొచ్చింది. "నాలుగు రోజులు కడుపుబ్బరంతో పక్కనే పడుకుని నాకు చెప్పలేదు ఆ మనిషి. ఇప్పుడు తిడదామంటే ఇక్కడ లేరు. పక్క వీధిలో ఉంటే నాకేంటి, ఈ వీధిలో లేరు కదా."

పిన్నిగారు పాఠం కట్టిపెట్టి, లేచి మంచినీళ్ళు తెచ్చారు.

నేను ముందుగదిలోంచి ఆకుపచ్చ డబ్బా తెచ్చాను. షటిల్ సైజు సరిగ్గా సరిపోయింది. నర్సు దాన్ని కాగితంలో చుట్టుకుని వెళ్ళబోతుంటే, అత్తగారు ముఖం తుడుచుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

"కుట్టేటప్పుడు చుక్క నూనె వెయ్యమని చెప్పు మీ అమ్మకి. ఎక్కువ వేస్తే గుడ్డకి అంటుకుంటుంది." ఆగి, ఇంకో మాట అడిగింది. "ఆవిడ అనే అన్నారా నన్ను?"

"అవునండీ. ఆవిడని కంగారు పెట్టకు అన్నారు."

అత్తగారు తలుపు వేసి నా వైపు తిరిగింది. "నలభై తొమ్మిదేళ్ళు నన్ను అది అనలేదని ఏడ్చాను అమ్మాయ్, లోపల్లోపల. అనకపోవడమే మంచిదైంది."

సాయంత్రం మావారు రాగానే బీరువాలోంచి ఫోటో తీసి ఇచ్చింది. ఆయనకి ఏం జరిగిందో ఎవరం చెప్పలేదు. మగవాళ్ళకి అర్థమయ్యేలా మర్యాదగా చెప్పడం కష్టం.

"పెద్దమ్మ పక్కనేనా అమ్మా?" అన్నారు సుత్తి పట్టుకుని.

"పక్కన కాదు, ఎదురు గోడకి. ఒకరినొకరు చూసుకోనీ, నాకేం అభ్యంతరం లేదు." కుర్చీ జరుపుకుని, సరిగ్గా రెండు ఫోటోలకీ మధ్యలో వేసుకుని కూర్చుంది. "నేనిక్కడుంటా."

నేను మాత్ర, నీళ్ళు ఇచ్చాను. మింగి, నోరు తెరిచి చూపించింది, అడక్కుండానే. తర్వాత ఎదుటి గోడ మీది ఫోటో వైపు తిరిగి, "నాలుగు రోజులు నాకు చెప్పలేదు కదూ," అని మొదలుపెట్టింది. ఆ తిట్లు పూర్తయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది. పూర్తవగానే ఇంకోసారి ఏడ్చింది.

పిన్నిగారు ఇంకా వెళ్ళలేదు. వారానికి ఉతకాల్సిన తువ్వాళ్ళు ఇప్పుడు రెండింతలయ్యాయి.